నాలుగు కుట్లు కలిసే చోటు

మా కొట్టుకు ఏడాదికి ఒక్కటే కాలం. బడులు మూసిన రోజున మొదలవుతుంది, తెరిచే రోజున అయిపోతుంది. ఆ రెండు నెలలూ మాకు ఎండ తెలియదు, ఆదివారం తెలియదు, అద్దంలో మొహం చూసుకోవడం కూడా గుర్తుండదు. పెద్దబడిలో మా వంతుకు నూట యాభై మంది పిల్లలు, మనిషికి రెండేసి జతలు. నీలం ప్యాంట్లు, నీలం గౌన్లు, గళ్ళ చొక్కాలు. గళ్ళ గుడ్డ చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. కుట్టేవాళ్ళనడిగితే తెలుస్తుంది. జేబు మీది గడి చొక్కా మీది గడితో కలవకపోతే నాకు అన్నం సయించదు. అలాంటి మనిషిని నేను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

ఆ ఏడాదికి నాకు యాభై మూడు నిండాయి. అప్పటికి మూడేళ్ళుగా నేను కుట్టు మిషను మీద కూర్చోలేదు. కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి కత్తిరించేదాన్ని, నిలబడి కొలతలు తీసేదాన్ని, నిలబడే టీ తాగేదాన్ని. నా మిషను మీద దుప్పటి కప్పేశాను. కుట్టేదంతా రెండో మిషను మీద కోడలే. వచ్చేపోయేవాళ్ళు నాకు పెత్తనం ఎక్కువైందని, నెత్తిన నిలబడి కోడలిచేత చాకిరీ చేయించుకుంటున్నానని చెప్పుకునేవాళ్ళు. మా ఆయన మాత్రం నాది నడుం నొప్పి అని తేల్చేశాడు. కొట్లో ఇస్త్రీ ఆయన వంతు. నెలకోసారి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి బజారుకెళ్ళి నాకోసం ఒక మెత్త కొనుక్కొచ్చేవాడు. దూది మెత్త, స్పాంజి మెత్త, మధ్యలో కన్నం ఉన్న మెత్త. నేను ఒక్కదానిమీదా కూర్చోలేదు. చివరికి అవన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి తనే ఎక్కి కూర్చునేవాడు.

నాది నడుం నొప్పి కాదు. మెడ మీద పులిపిరి కాయ వస్తే పదిమందికి చూపించి పది సలహాలు వింటాం. నాకొచ్చింది మెడ మీద కాదు. కాళ్ళ మధ్య, ఆడదానికి మాత్రమే ఉండే చోట. మొదట పెసరగింజంత ఉండేది. రెండేళ్ళకు ద్రాక్షపండంత అయి సన్నటి కాడ మీద వేలాడడం మొదలుపెట్టింది. మిషను మీద కూర్చుని పెడలు తొక్కితే తొడల మధ్య నలిగి ప్రాణం పోయేది. అందుకని కూర్చోవడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. మా అక్కకు రొమ్ములో గడ్డ వచ్చింది. ఏళ్ళ తరబడి దాచింది. ఆస్పత్రిలో చూపించాక మూడు నెలలు బతికింది. ఇంకొకరైతే అక్కను చూసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. నేను తిరకాసుగా ఆలోచించాను. చూపించబట్టే పోయింది, చూపించకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేదని నాకు నేనే చెప్పుకున్నాను. నాది కూడా అదే రోగమని ఖాయం చేసుకున్నాను. ఈ కాలం గట్టెక్కితే చాలు, ఆ తర్వాత ఏదైతే అదవుతుంది అనుకున్నాను. అయితే పోయేలోగా నా చేతిలో ఉన్న పనంతా కోడలి చేతికి ఎక్కాలి.

కోడలు మా ఇంటికి వచ్చి మూడేళ్ళు దాటింది. అంతకు ముందు ఒక ఫ్యాక్టరీలో చొక్కా చేతుల చివర పట్టీలు కుట్టేది. రోజుకు మూడు వందల పట్టీలు, ఆరేళ్ళ పాటు. వచ్చిన కొత్తలో పట్టీ ఇస్తే కళ్ళు మూసుకుని కుట్టేది, చొక్కా ఇస్తే ఎటు తిప్పాలో తెలిసేది కాదు. మా అబ్బాయి లారీ మీద పోతే పది రోజులకు గాని రాడు కాబట్టి మా ఇద్దరి మధ్యన అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఆ ఎండాకాలం నేనా పిల్లను పీడించాను. అంతకన్నా మంచి మాట నాకు దొరకడం లేదు. కాలరు మొన తిరగలేదని నాలుగు సార్లు విప్పించాను. కాజా అంచు ఊగిందని రాత్రి అన్నం ముందు కూర్చున్నదాన్ని లేపి చూపించాను. బాబిన్‌లో దారం ఎలా చుట్టాలో, చేతి కొలతకు ఎక్కడ అర అంగుళం వదలాలో, ఏ కొట్టువాడు రంగు వెలిసే గుడ్డ అంటగడతాడో, అన్నీ ఒకదానిమీద ఒకటి కుక్కాను. అర్థమైందా అని అడగను, రేపు మళ్ళీ చెప్తానని అనను.

ఒకనాడు అయిదోసారి కాలరు విప్పమన్నప్పుడు ఆమె కత్తెర కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నన్ను పంపించెయ్యాలని ఉంటే చెప్పండి అత్తయ్యా, మా ఇంటికి వెళ్ళిపోతాను. ఇలా విప్పించి విప్పించి పంపడం ఎందుకు?"

పంపేది నిన్ను కాదే, పోయేది నేను అని చెప్పాలనిపించింది. ముందు కాలరు విప్పు అన్నాను.

ప్రతి శనివారం పెద్దబడి పెద్ద టీచరు వచ్చి ఎన్ని జతలయ్యాయో చూసుకుని వెళ్ళేది. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అలాంటిదే. కుర్చీ వేస్తే కూర్చోదు. గుమ్మం పక్కన నిలబడి, లెక్క అడిగి, బడి తెరిచేనాటికి అందకపోతే వచ్చే ఏడాది వేరే కొట్టు చూసుకుంటామని ఒక ముక్క అని వెళ్ళిపోయేది. మన కుర్చీలో కూర్చుంటే ఆవిడ హోదా తరిగిపోతుంది కాబోలు అని నేను, మా ఆయన వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఇక నా తెలివి సంగతి చెప్తాను. కోటుకు గుండీ కుట్టేటప్పుడు గుడ్డకు అంటించి కుట్టరు. కొంచెం ఎత్తుగా నిలబెట్టి, గుండీ కింద దారంతో నాలుగు చుట్లు చుట్టి బిగిస్తారు. అప్పుడు గుండీకి కాడ వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాడలు చుట్టిన చెయ్యి నాది. ఒక మధ్యాహ్నం కొట్లో బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. చేతి అద్దం ముందు పెట్టుకుని, కోటు గుండీల నైలాను దారంతో ఆ కాయ కాడకు నాలుగు చుట్లు చుట్టి ముడి బిగించాను. రక్తం అందకపోతే ఎండి అదే రాలిపోతుందని నా లెక్క. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా పళ్ళు బిగపట్టుకుని బయటికొచ్చి ఎనిమిదో తరగతి ప్యాంట్లు కత్తిరించాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

కాయ రాలలేదు. మూడో రోజుకు నల్లబడి, ఉబ్బి, పుండు పడింది. నాలుగో రోజుకు జ్వరం వచ్చింది. ముడి విప్పుదామంటే వాపులో దారం కనబడదు. అయిదో రోజు పొద్దున్నే గౌన్ల గుడ్డ పొరలుగా పరిచి, ఇరవై గౌన్లకు ముందు భాగాలు ఒకేసారి కత్తిరించాను. కోడలు ఒక ముక్క తీసుకుని టేపు పెట్టి చూసింది. మళ్ళీ పెట్టి చూసింది. రెండంగుళాలు పొట్టి. ముప్ఫై ఏళ్ళలో నా కత్తెర అంత తప్పు చెయ్యలేదు. ఆమె దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని చూసి, ఒళ్ళు కాలిపోతోందంది. ఎక్కడ నొప్పి అని అడిగింది.

నేను కాపురం చేసిన మనిషిని, పిల్లాణ్ణి కన్న మనిషిని. అయినా ఆ చోటుకు నా నోట పేరు లేదు. తిట్లలో విన్నదే తప్ప మామూలు మాటగా ఎవరూ నాకు నేర్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన అటు తిరిగి ఇస్త్రీ చేస్తున్నాడు. నేను బల్ల మీది ఖాకీ కాగితం దగ్గరికి లాక్కుని సుద్దముక్క తీసుకున్నాను. ప్యాంటు గీశాను. ముందు భాగాలు రెండు, వెనక భాగాలు రెండు. ఆ నాలుగు కుట్లూ కాళ్ళ మధ్య ఒక్కచోట కలుస్తాయి. కుట్టేవాళ్ళందరికీ తెలిసిన చోటే అది. ముందు చినిగేది అక్కడే, రెండుసార్లు కుట్టి గట్టిచేసేదీ అక్కడే. దానికి కాస్త ఎడమగా అడ్డగీతలు రెండు గీసి గుర్తు పెట్టాను.

ఆమె ఒక్క చూపులో తెలుసుకుంది.

"గడ్డా?" అని నెమ్మదిగా అడిగింది.

"కాయ. అయిదేళ్ళయింది. దారం కట్టాను."

"ఏ దారం?"

"కోటు గుండీలది."

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. సగం కుట్టిన చొక్కాను సూది కిందే వదిలేసి లేచింది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. వెళ్ళి తలుపు మీది పలకను 'మూసి ఉంది' వైపుకు తిప్పింది. మా కుట్టు కాలంలో, పట్టపగలు పదకొండు గంటలకు ఆ పలక తిరగడం అదే మొదలు.

"చెప్పులేసుకోండి అత్తయ్యా," అంది.

ఆస్పత్రిలో చీటీ రాసే మనిషి ఏం బాధ అని హాలంతా వినబడేలా అడిగింది. కోడలు ఖాకీ కాగితం విప్పి ఆమె ముందు పెట్టింది. చీటీ మనిషి ఒక క్షణం చూసి, ఇంకో ప్రశ్న వెయ్యకుండా రాసిచ్చింది. లోపలి డాక్టరమ్మ చిన్న వయసుది, ముక్కు మీద కళ్ళద్దాలు జారుతుంటాయి. ఆవిడ కూడా ఆ కాగితం చూసి, తన దగ్గరికి రోజూ ముప్ఫై మంది వస్తారని, ఇంత కచ్చితంగా ఎక్కడో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరని అంది. అంత జ్వరంలోనూ నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

బల్ల మీద పడుకున్నాను. కోడలు తల దగ్గర నిలబడింది. డాక్టరమ్మ తెర లాగి, దీపం వేసి, ఏం చెయ్యబోతోందో ముందు చెప్పి ఆ తర్వాతే చెయ్యి వేసింది. చిన్న కత్తెరతో దారం తెంపింది. తెంపి ముడి వంక చూసి, ముడి మాత్రం గట్టిగా వేశారే అంది. గుండీ ఊడిపోతే కోటు కుట్టించుకున్నవాడు ఊరుకోడు కదా అన్నాను. పై పెదవి చూపించి మాట్లాడినంత మామూలుగా ఆవిడ "యోని బయటి పెదవి మీద" అని చెప్పి చీటీలో రాసుకుంది. యాభై మూడేళ్ళకు ఆ చోటు పేరు నేను తిట్టుగా కాకుండా వినడం అదే మొదటిసారి. వినడానికి అంత భయంగా ఏమీ లేదు.

"ఇది పులిపిరి లాంటిదేనమ్మా. చర్మమే సాగి కాడ మీద వేలాడుతోంది. మెత్తగా ఉంది, నెమ్మదిగా పెరిగింది, ఇవన్నీ మంచి గుర్తులే. కానీ దారం కట్టడంతో పుండు పడింది, రంగు మారింది. పుండు పడ్డదాన్ని ఉత్త కంటితో చూసి నేను మాటివ్వలేను. తీసేసి ల్యాబుకు పంపుదాం. అదేమిటో వాళ్ళే చెప్పాలి."

అక్కడ చాలా రకాలు వస్తాయని ఆవిడే చెప్పింది. ఇలాంటి కాయలు ఉంటాయి, చమురు గ్రంథి మూసుకుపోయి వచ్చే బుడిపెలు ఉంటాయి, ఒకరినుంచి ఒకరికి అంటుకునే పులిపిర్లుంటాయి, ఉత్త పుట్టుమచ్చలుంటాయి. చాలావరకు ప్రాణానికి అపాయం లేనివే. అయితే ఒక్కోదానికి ఒక్కో మందు. ఏది ఏదో చూస్తే గాని తెలియదు, చూపిస్తే గాని చూడలేం కదా అంది. మా అక్క సంగతి అడిగి తెలుసుకుంది. చూపించడం వల్ల ఎవరూ పోరమ్మా, ఆలస్యం వల్ల పోతారు అని మాత్రం అంది. ఆ మాటకు నేను గోడవైపు తిరిగాను.

వాపు తగ్గడానికి అయిదు రోజులు మాత్రలు ఇచ్చింది. ఆరో రోజు తీసేసింది. సూది గుచ్చినప్పుడు మాత్రం చురుక్కుమంది, ఆ తర్వాత ఆ చోటు నాది కానట్టే ఉంది. ఎన్ని కుట్లు వేస్తున్నారని అడిగాను. మూడు అంది. దారం ఎలాంటిదన్నాను. దానంతటదే కరిగిపోతుంది, విప్పక్కర్లేదంది. కరిగిపోయే దారంతో కుడితే మా కొట్టు నాలుగు రోజుల్లో మూసుకోవాల్సిందే అన్నాను. డాక్టరమ్మ నవ్వితే కళ్ళద్దాలు జారిపోయి, నర్సు ఎక్కించాల్సి వచ్చింది. మొత్తం ఇరవై నిమిషాలు. ఒక చొక్కాకు కాలరు ఎక్కించే వ్యవధి. తీసినదాన్ని చిన్న సీసాలో వేసి చూపించారు. అది ఎంత అల్పంగా ఉందంటే నాకు ఒళ్ళు మండిపోయింది. దీని కోసమా నేను మూడేళ్ళు నిలబడ్డాను?

ఇంటికొచ్చాక మా ఆయనకు అంతా చెప్పాను. దాపరికం లేకుండా, పేరు పెట్టి చెప్పాను. ఆయన మెత్తల మీదనుంచి దిగి కింద కూర్చున్నాడు. మూడేళ్ళు నడుముకు వైద్యం చేశానన్నమాట అని, వెళ్ళి నాకు వేడినీళ్ళు కాచి తెచ్చాడు.

రిపోర్టు రావడానికి పది రోజులన్నారు. ఆ పది రోజులూ నేను బల్ల దగ్గర నిలబడే పనిచేశాను. రెండో రోజు పొద్దున్న కోడల్ని పిలిచి, కోటు కాలరులో గట్టి గుడ్డ ఎలా పెట్టాలో చెప్తాను రా అన్నాను. ఆమె రాలేదు. అక్క సంగతి ఆస్పత్రిలో వింది కదా. ఆ ఎండాకాలమంతా నేనెందుకు ఆ పిల్లను అలా తరిమానో ఆమెకు తెలిసిపోయింది.

"ఈ పది రోజులు నాకేం నేర్పకండి అత్తయ్యా. రిపోర్టు వచ్చాక తీరిగ్గా నేర్పుదురుగాని. అప్పుడు పదిసార్లు విప్పమన్నా విప్పుతాను," అంది.

నేను సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. కోడలిముందు ఏడవడం ఏమిటని చాలా గింజుకున్నాను గాని కుదరలేదు.

ఆ పది రోజుల్లో నేను నేర్పకుండానే ఆమె ఒక పని చేసింది. నేను పొట్టిగా కత్తిరించిన ఇరవై గౌన్లు మూలన పడి ఉన్నాయి. చొక్కాలకు మిగిలిన గళ్ళ గుడ్డ పీలికలు తీసి, గౌను కింద రెండంగుళాల పట్టీగా అతికింది. ఆరేళ్ళు పట్టీలు కుట్టిన చెయ్యి కదా, ఒక్క గడి కూడా తప్పలేదు. నేను టేపుతోనూ కళ్ళద్దాలతోనూ వెతికాను. విప్పించడానికి ఏమీ దొరకలేదు. శనివారం పెద్ద టీచరు వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి వాటిని చూసి, వచ్చే ఏడాది గౌన్లన్నీ ఇలాగే కుట్టండి అంది. వచ్చే ఏడాది అన్న మాట విని నేను, కోడలు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పదకొండో రోజు డాక్టరమ్మ కాగితం చదివింది. పుండు వల్ల వాచింది తప్ప అందులో చెడ్డదేదీ లేదు. క్యాన్సరు కాదు, అయ్యే రకమూ కాదు. కోడలు ఇంకోసారి చదవమంది. ఆవిడ ఇంకోసారి చదివింది. కుట్టు కూడా చూసి, చక్కగా అతుక్కుంది, ఇక మీ ఇష్టమొచ్చినట్టు కూర్చోండి అంది. బయట బెంచీ మీద కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను, రెండు తొడలూ ఆనించి. సంతోషం ముంచుకొచ్చింది, దాని వెనకే అక్క గుర్తొచ్చింది. ఒక్క కాగితం మీద గీసి చూపించి ఉంటే సరిపోయేదేమోనే అక్కా అనుకున్నాను.

కొట్టుకొచ్చి మిషను మీది దుప్పటి లాగేశాను. మూడేళ్ళ దుమ్ము లేచింది. మా ఆయన మెత్త తెచ్చాడు, వద్దన్నాను. ఉత్త చెక్క స్టూలు మీద కూర్చుని, నూనె వేసి, పెడలు మీద పాదాలు పెట్టాను. మొదటి చొక్కా పక్క కుట్టు పైనుంచి కిందికి ఒక్క గుక్కలో లాగాను. పక్కన కోడలి మిషను కూడా అందుకుంది. రెండు మిషన్ల చప్పుడుకు ఎదురు కొట్టు గడియారాల మనిషి బయటికొచ్చి చూశాడు. అప్పటికి నూట పదిహేను జతలు వెనకబడి ఉన్నాం. పన్నెండు రోజుల్లో ముగించాం, బడి తెరవడానికి రెండు రోజులు మిగిలింది. ఆ పన్నెండు రోజుల్లో ఎవరైనా పనిమీద వచ్చి పలకరిస్తే నేను లేవలేదు. కూర్చునే మాట్లాడాను. నాకు పెత్తనం ఇంకా ఎక్కువైందని అనుకుని ఉంటారు. అనుకోనీ.

చివరి మూటలు పట్టుకెళ్ళడానికి పెద్ద టీచరు తనే వచ్చింది. లెక్క సరిపోయింది. ఇంకా ఎండగా ఉంది కదా, బండి వచ్చేదాకా కూర్చోండి అని కుర్చీ జరిపాను. పర్వాలేదు, నిలబడడం నాకు అలవాటే అంది. అంటూ బరువు ఒక కాలి మీదనుంచి రెండో కాలి మీదికి మార్చింది, మోకాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి. ఆ నిలబడడం నేనెరుగుదును. మూడేళ్ళు నిలబడ్డాను అలా. ఈ మనిషినే గదా మేము హోదా అని నవ్వుకున్నది. నాకు సిగ్గేసింది.

"ఎన్నేళ్ళ అలవాటు టీచర్ గారూ?" అని అడిగాను.

ఆవిడ మొహం బిగుసుకుంది. నేను కంగారు పడలేదు. మా ఆయన్ని టీ తెమ్మని పంపించాను. లేచి ఆవిడను కత్తిరింపు బల్ల దగ్గరికి పిలిచి, ఖాకీ కాగితం పరిచి, ప్యాంటు గీశాను. ముందు రెండు, వెనక రెండు. నాలుగు కుట్లు కలిసే చోటుకు కాస్త ఎడమగా అడ్డగీతలు పెట్టి, ఇది నాది అన్నాను. ఇరవై నిమిషాల్లో తీసేశారు, మూడు కుట్లు, దారం కరిగిపోయింది అని చెప్పాను. చెప్పి సుద్దముక్క ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ దాన్ని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పింది. పిల్లలకు ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద రాసి చూపించిన చెయ్యి అది, కాగితం దాకా వచ్చి ఆగింది. చివరికి గీసింది. నా గుర్తుకు ఒక్క అంగుళం కుడిగా.

నేను తలెత్తేసరికి కోడలు అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళి పలక తిప్పేసింది. నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.